అమ్మానాన్న అమెరికా ప్రయాణం: ఏ కోవిడ్ టెస్ట్, ఏ రోజు, ఏ ఫ్లైట్ (2022 మే)

2022 మార్చి 27 నుంచి రెగ్యులర్ ఇంటర్నేషనల్ ఫ్లైట్లు మళ్ళీ మొదలయ్యాక ఆ సమ్మర్‌లో మనవైపు ఎవర్ని కదిలించినా అమెరికా ప్రయాణమే, కూతురి డెలివరీ అని ఒకళ్ళు, మనవడిని ఇంతవరకు వీడియో కాల్‌లో తప్ప చూడలేదని ఒకళ్ళు, కొడుకు గ్రాడ్యుయేషన్ అని ఇంకొకళ్ళు, రెండేళ్ళు ఆగిపోయినవాళ్ళంతా ఒకేసారి బయల్దేరారు. అందరూ అడిగింది ఒకటే, కోవిడ్ టెస్ట్ ఇంకా ఉందా తీసేశారా అని. అమెరికాకి అప్పుడు ఉంది. ఇదంతా 2022 మే నెలలో ఉన్న రూల్ ప్రకారం రాసింది, ఆ టెస్ట్ రూల్‌ని అదే ఏడాది జూన్‌లో, వ్యాక్సిన్ రూల్‌ని 2023 మేలో తీసేశారు, కాబట్టి కింద ఉన్న లెక్కలన్నీ అప్పటివే, ఇప్పుడు ప్రయాణం ఉన్నవాళ్ళు ముందు సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) సైట్ ఒకసారి చూసుకోండి.

మిగతా దేశాలు చూస్తే అప్పటికే చాలావరకు వదిలేశాయి. యూకే మార్చి 18 నుంచి మొత్తం తీసేసింది, టెస్ట్ లేదు, ప్రయాణికులు తమ వివరాలు నింపే లొకేటర్ ఫారం కూడా లేదు. కెనడా రెండు డోసులు అయినవాళ్ళకి ఏప్రిల్ 1 నుంచి టెస్ట్ తీసేసింది, కెనడా ప్రభుత్వ అరైవ్‌క్యాన్ యాప్ మాత్రం అప్పట్లో నింపాల్సి వచ్చేది. సింగపూర్ ఏప్రిల్ 26 నుంచి, ఆస్ట్రేలియా ఏప్రిల్ మధ్యలో నుంచి. దుబాయ్ వాళ్ళు ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్‌కి ఆరు గంటల ముందు చేయించమన్న ర్యాపిడ్ పీసీఆర్ గొడవ ఫిబ్రవరిలోనే పోయింది, వ్యాక్సిన్ సర్టిఫికెట్ ఉంటే మామూలు ఆర్టీపీసీఆర్ కూడా అడగలేదు. చైనా సంగతి ఇక వేరే, అక్కడ ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు 2020 మొదట్లో ఇంటికొచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉండిపోయారు, అప్పటికి ఇంకా ఆన్‌లైన్ క్లాసులే. అమెరికాలో ఏప్రిల్ 18న కోర్టు తీర్పు వచ్చాక విమానంలో మాస్క్ కూడా అక్కర్లేకపోయింది, కానీ ఆ విమానం ఎక్కాలంటే మనకి నెగెటివ్ రిపోర్ట్ కావాల్సి వచ్చేది. లాజిక్ అడక్కండి.

సరే, మన పనికొద్దాం. చాలామంది చేసేదేంటంటే ముందు చవకగా ఉన్న టికెట్ చూసి బుక్ చేసేస్తారు, టెస్ట్ సంగతి ప్రయాణానికి రెండు రోజుల ముందు గుర్తొస్తుంది. నేను చెప్పేది దీనికి రివర్స్. ముందు టెస్ట్ టైమ్ లెక్క వేసుకోండి, ఆ టైమ్ ఏ ఫ్లైట్‌కి హాయిగా సరిపోతుందో చూసి ఆ ఫ్లైట్ కొనండి, పది పదిహేను వేలు తేడా వచ్చినా సరే. ముహూర్తం పెట్టుకున్నాక ఫంక్షన్ హాల్ వెతుకుతాం గానీ హాల్ దొరికిందని ముహూర్తం మార్చం కదా, ఇక్కడ టెస్ట్ ముహూర్తం లాంటిది.

అప్పటి రూల్ ఏంటంటే, 2021 డిసెంబర్ 6 దాకా వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ళకి మూడు రోజుల టైమ్ ఉండేది, ఒమిక్రాన్ వచ్చాక దాన్ని ఒక్క రోజుకి దించారు, వ్యాక్సిన్ వేసుకున్నా వేసుకోకపోయినా, సిటిజన్ అయినా గ్రీన్ కార్డ్ అయినా విజిటర్ వీసా అయినా ఒకటే, రెండేళ్ళ లోపు పిల్లలకి తప్ప. ఈ ఒక్క రోజు అంటే 24 గంటలు కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. క్యాలెండర్‌లో ఫ్లైట్ తేదీకి ముందు తేదీ, ఆ తేదీలో ఏ టైమ్‌కి శాంపిల్ ఇచ్చినా చెల్లుతుంది. శనివారం మధ్యాహ్నం ఫ్లైట్ అయితే శుక్రవారం పొద్దున్న ఆరింటికి ఇచ్చినా ఓకే, గంటలు లెక్కపెట్టక్కర్లేదు. లెక్కలోకి వచ్చేది శాంపిల్ ఇచ్చిన తేదీ, రిపోర్ట్ వచ్చిన తేదీ కాదు.

ఇప్పుడు మన దగ్గర వచ్చే తంటా చూడండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వైపు వెళ్ళే ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద శనివారం తెల్లవారుజామున మూడు అని ఉంటుంది, ఇంట్లో మాత్రం అందరూ శుక్రవారం రాత్రి ఫ్లైట్ అనే అంటారు, ఎందుకంటే ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేది శుక్రవారం రాత్రే కదా. దాంతో పెద్దవాళ్ళు ఏం చేస్తారంటే శుక్రవారానికి ఒక రోజు ముందు అంటే గురువారం అని లెక్కేసుకుని గురువారం పొద్దున్నే వెళ్ళి శాంపిల్ ఇచ్చేసి హమ్మయ్య అనుకుంటారు, తీరా కౌంటర్ దగ్గర ఇది రెండు రోజుల కిందటి టెస్ట్ అండీ చెల్లదు అంటారు. కాబట్టి ఫోన్‌లో అమ్మకి చెప్పేటప్పుడు వారం పేరు చెప్పకండి, తేదీ చెప్పండి, ఫలానా తేదీ పొద్దున్నే శాంపిల్ ఇవ్వాలి అని.

అదే లెక్కలో ఫ్లైట్లని పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. శనివారం తెల్లవారుజాము మూడింటి ఫ్లైట్‌కి శుక్రవారం రాత్రి పదకొండుకల్లా కౌంటర్ దగ్గర ఉండాలి, అంటే శుక్రవారం పొద్దున్న ల్యాబ్ తెరిచినప్పటి నుంచి రాత్రి ఇంట్లో బయల్దేరేలోపు రిపోర్ట్ రావాలి, చేతిలో ఉండేది పన్నెండు పధ్నాలుగు గంటలే. శనివారం ఉదయం పది ప్రాంతంలో ఫ్లైట్ అయితే అదే శుక్రవారం పొద్దున్న ఇచ్చిన శాంపిల్‌కి రాత్రంతా కూడా కలిసొస్తుంది. ఇక శుక్రవారం రాత్రి పదకొండున్నరకి లేచే ఫ్లైట్ దొరికితే గురువారం శాంపిల్ కూడా చెల్లుతుంది, అది అన్నిటికంటే నిమ్మళం. పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్య గంటే తేడా, కానీ టెస్ట్ విషయంలో ఒక రోజు మొత్తం పోతుంది.

ఇంకోటి, ఒకే పీఎన్ఆర్ మీద బుక్ చేసిన కనెక్టింగ్ ఫ్లైట్లు అయితే, మధ్యలో ఏ స్టాప్ కూడా 24 గంటలు దాటకపోతే, మొదటి ఫ్లైట్ తేదీనే లెక్క. అంటే శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచి ఢిల్లీ, శనివారం తెల్లవారుజామున ఢిల్లీ నుంచి అమెరికా, రెండూ ఒకే టికెట్ అయితే గురువారం ఇచ్చిన శాంపిల్ కూడా రూల్ ప్రకారం సరిపోతుంది. రెండూ వేర్వేరుగా కొంటే ఈ సౌకర్యం పోతుంది, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఫ్లైట్ తేదీ నుంచే లెక్క. అందుకే ఢిల్లీ దాకా ఏదో ఆఫర్‌లో లోకల్ ఫ్లైట్, అక్కడి నుంచి వేరే టికెట్ అనే ప్లాన్ పేరెంట్స్‌కి వద్దంటాను, లగేజ్ తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయడం అనే బాధ ఎలాగూ ఉంది, పైగా ఇది. దుబాయ్‌లో చుట్టాల ఇంట్లో రెండ్రోజులు ఉండి వెళ్తాం అనేవాళ్ళు కూడా ఇది చూసుకోవాలి, హైదరాబాద్‌లో చేయించిన టెస్ట్ అక్కడికి పనికిరాదు, దుబాయ్‌లో మళ్ళీ చేయించుకోవాలి.

ఇప్పుడు ఏ టెస్ట్ అనేది. అమెరికా వాళ్ళు ఆర్టీపీసీఆరే కావాలని అనలేదు, ఇది సగం మందికి తెలీదు. యాంటిజెన్ కూడా చెల్లేది. న్యాట్ (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే టెస్టులు) కింద వచ్చే ఏ టెస్ట్ అయినా చెల్లేది, అంటే ఆర్టీపీసీఆర్, ర్యాపిడ్ పీసీఆర్, జిల్లా ఆసుపత్రుల్లో చేసే ట్రూన్యాట్, సీబీన్యాట్ అన్నీ. కాకపోతే ట్రూన్యాట్ రిపోర్ట్ మీద న్యాట్ అనే మాట కనపడేలా ఉందో లేదో చూసుకోండి, కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయికి ఆ పేరు తెలియకపోతే మీరే క్లాస్ చెప్పాల్సి వస్తుంది.

మామూలు ఆర్టీపీసీఆర్ మంచి సంగతేంటంటే చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరూ ప్రశ్నించరు. 2022లో తెలంగాణలో ప్రభుత్వం పెట్టిన రేటు ల్యాబ్‌కి వెళ్తే 500, ఇంటికొచ్చి తీసుకుంటే 750 ఉండేది. గొడవంతా రిపోర్ట్ టైమ్‌తోనే. సాయంత్రానికి ఇచ్చేస్తాం సార్ అంటారు, ఆ సాయంత్రం ఒక్కోసారి రాత్రి పదకొండు అవుతుంది, అడిగితే మెషీన్‌లో బ్యాచ్ నిండలేదంటారు. ఇంటికొచ్చి తీసుకునేదాంట్లో ఇంకా లేటు, ఎందుకంటే ఆ అబ్బాయి నాలుగిళ్ళు తిరిగి శాంపిళ్ళన్నీ పోగేసుకుని మధ్యాహ్నానికి ల్యాబ్‌లో ఇస్తాడు. అర్ధరాత్రి ఫ్లైట్ వాళ్ళయితే హోమ్ కలెక్షన్ పెట్టుకోవద్దు, పొద్దున్నే ల్యాబ్ మెయిన్ సెంటర్‌కే వెళ్ళి ఇవ్వండి, బ్రాంచ్‌కి కూడా కాదు, టెస్ట్ చేసే మెషీన్ ఎక్కడుందో అక్కడికి.

ఎయిర్‌పోర్ట్‌లో ర్యాపిడ్ పీసీఆర్ అయితే గంటలోపో గంటకో చేతికొచ్చేస్తుంది, కానీ అప్పట్లో మూడు వేల పైనే, ఇద్దరికీ కలిపి ఏడెనిమిది వేలు అయ్యేది. డబ్బు కంటే నాకు నచ్చనిది ఇంకోటుంది, అక్కడ పాజిటివ్ వస్తే పెట్టెలు కట్టుకుని, చుట్టాలందరికీ వెళ్ళొస్తాం అని చెప్పి, ఊరి నుంచి కారు మాట్లాడుకుని వచ్చినవాళ్ళు ఎయిర్‌పోర్ట్ నుంచి వెనక్కి తిరగాలి. కాబట్టి దాన్ని బ్యాకప్‌గానే ఉంచుకోండి, ల్యాబ్ రిపోర్ట్ టైమ్‌కి రాకపోతే అది ఉంది అన్న ధైర్యానికి. మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటే నాకైతే రాత్రంతా నిద్ర పట్టదు.

ల్యాబ్‌లో చేసే యాంటిజెన్ టెస్ట్ ఉంది చూశారూ, అమెరికా ప్రయాణానికి నా ఓటు దానికే, ముఖ్యంగా అర్ధరాత్రి ఫ్లైట్ అయితే. అరగంటలో తేలిపోతుంది, రేటు తక్కువ, శుక్రవారం మధ్యాహ్నం తీరిగ్గా వెళ్ళి చేయించుకోవచ్చు. ఒకటే తలనొప్పి, చాలాచోట్ల యాంటిజెన్ చేసి చీటీ మీద నెగెటివ్ అని రాసిచ్చేస్తారు, అది పనికిరాదు. రిపోర్ట్ మీద ల్యాబ్ పేరు, ఏ రకం టెస్ట్, శాంపిల్ తీసుకున్న తేదీ, రిజల్ట్, మనిషి పేరు, పేరుతో పాటు పాస్‌పోర్ట్ నంబరో పుట్టిన తేదీయో ఇంకొక గుర్తు ఉండాలి. మన ల్యాబులవాళ్ళు అలవాటుగా వయసు 63, మేల్ అని కొట్టేస్తారు, పుట్టిన తేదీ ఉండదు, అందుకని శాంపిల్ ఇచ్చేటప్పుడే పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇచ్చి నంబర్ రిపోర్ట్‌లో వేయమని ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఇది ఆర్టీపీసీఆర్‌కి కూడా వర్తిస్తుంది. యాంటిజెన్‌లో కొన్ని కేసులు దొరకవు కదా అంటారా, నిజమే, అందుకే జలుబు, జ్వరం లాంటివి ఉన్నప్పుడు ఇది చేయించుకుని నెగెటివ్ వచ్చిందని ఎక్కేయడం తప్పు పని, పక్క సీట్లో కూడా ఎవరి అమ్మో నాన్నో ఉంటారు, పైగా పదహారు గంటలు.

అమెరికాలో ఉన్న పిల్లలు కొందరు అక్కడి నుంచి బైనాక్స్‌నౌ కిట్లు పంపేవారు, వీడియో కాల్‌లో కంపెనీ మనిషి చూస్తుండగా ఇంట్లోనే చేసుకునేవి. అవి సీడీసీ ఒప్పుకునేది, రిపోర్ట్ ఫోన్‌కే వచ్చేది, ఇరవై నాలుగు గంటలూ చేసేవారు. వినడానికి బాగుంది గానీ రెండు చిక్కులు. ఆ కిట్ 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి, మే నెలలో మన దగ్గర ఇంట్లోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది, కారు డిక్కీలో పెడితే ఇక చెప్పక్కర్లేదు. రెండోది, వీడియోలో అవతలివాళ్ళు ఇంగ్లీషులో చెప్పేది అమ్మకి అర్థమవ్వాలి, నెట్ మధ్యలో కట్ అవ్వకూడదు. పక్కన చదువుకున్న పిల్లలు, ఇంట్లో మంచి వైఫై ఉంటే ఓకే, లేకపోతే ల్యాబే నయం. ఇక్కడ మెడికల్ షాపుల్లో దొరికే కోవిసెల్ఫ్ లాంటివి ఎవరూ చూడకుండా మనంతట మనం చేసుకునేవి, వాటితో ఎక్కనిచ్చేవారు కాదు.

2022 జనవరిలో ఒమిక్రాన్ అందరిళ్ళనీ పలకరించింది కదా, అప్పుడు కోవిడ్ వచ్చినవాళ్ళు అడిగేది వేరు, మాకు ఆల్రెడీ వచ్చి తగ్గింది కాబట్టి టెస్ట్ అక్కర్లేదంట కదా అని. ఆ రూల్ ఉండేది గానీ 90 రోజులకే. పాత పాజిటివ్ రిపోర్ట్ ఉండాలి, అది ఫ్లైట్‌కి 90 రోజుల లోపు అయ్యుండాలి, దానితో పాటు ఇతను కోలుకున్నాడు, ప్రయాణం చేయొచ్చు అని డాక్టర్ లెటర్ హెడ్ మీద సంతకం, తేదీతో రాసివ్వాలి. జనవరి 20న పాజిటివ్ అయినవాళ్ళకి ఏప్రిల్ 20తోనే ఆ గడువు అయిపోయింది, మేలో వాళ్ళూ అందరిలాగే టెస్ట్ చేయించుకోవాల్సిందే. ఇంట్లో కిట్‌తో చూసుకుని పాజిటివ్ అని మందులు వాడేసినవాళ్ళకి అప్పుడూ ఇప్పుడూ ఈ దారి లేదు, ల్యాబ్ రిపోర్ట్ లేదు కాబట్టి.

కానీ ఇదే రూల్ ఇంకో చోట బాగా పనికొచ్చేది. ప్రయాణానికి ముందు పాజిటివ్ వచ్చిందనుకోండి, టికెట్ పోయింది, ప్రోగ్రామ్ మొత్తం పోయింది అని కూలబడక్కర్లేదు. పది రోజులు ఆగి, లక్షణాలు తగ్గాక ఆ పాజిటివ్ రిపోర్ట్, డాక్టర్ లెటర్ పట్టుకుని వెళ్ళిపోవచ్చు, మళ్ళీ నెగెటివ్ కోసం వెతుక్కోనవసరం లేదు. ఇది తెలీక కొంతమంది రోజు మార్చి రోజు ఆర్టీపీసీఆర్ చేయించుకుంటూ కూర్చుంటారు, అది తగ్గాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపించొచ్చు, ఒంట్లో మిగిలిపోయిన వైరస్ ముక్కల్ని కూడా పట్టేస్తుంది కాబట్టి. యాంటిజెన్ మామూలుగా అంతకంటే ముందే నెగెటివ్‌కి వచ్చేస్తుంది. ఇద్దరిలో ఒకరికే పాజిటివ్ వస్తే రెండోవాళ్ళని ఒంటరిగా పంపొద్దని నా సలహా, ఒకే ఇంట్లో ఉన్నారు, రేపు ఆ రెండోవాళ్ళకి అక్కడ దిగాక జ్వరం వస్తే అమెరికాలో హాస్పిటల్ బిల్లు సంగతి మీకు తెలియంది కాదు. ఇద్దరి తేదీ మార్చేయండి. అందుకే టికెట్ కొనేటప్పుడే డేట్ ఛేంజ్ ఎంత పడుతుందో చూడాలి, ఐదు వేలు తక్కువని కొన్న టికెట్‌కి తేదీ మార్చడానికి ఇరవై వేలు అడిగితే ఏం లాభం.

అప్పటి వ్యాక్సిన్ రూల్ సంగతి టెస్ట్ కంటే వేరు, ఇది విజిటర్, స్టూడెంట్, హెచ్1 లాంటి వీసాల వాళ్ళకి ఉండేది. కోవిషీల్డ్, కోవాక్సిన్ రెండూ ఓకే, రెండో డోసు అయి పద్నాలుగు రోజులు దాటాలి, బూస్టర్ అడగలేదు. కోవాక్సిన్ మీద ఏప్రిల్ మొదట్లో డబ్ల్యూహెచ్ఓ ఏదో ఆపేసిందని వాట్సాప్‌లో తెగ తిరిగింది, ఆపింది ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా సప్లై మాత్రమే, 2021 నవంబర్ 3న ఇచ్చిన గుర్తింపు అలాగే ఉంది, అమెరికా తీసుకునేది. ఇబ్బంది పడింది స్పుత్నిక్ వేసుకున్నవాళ్ళు, హైదరాబాద్‌లో మొదట్లో స్లాట్లు దొరక్క అది వేయించుకున్నవాళ్ళు బాగానే ఉన్నారు పాపం. దానికి డబ్ల్యూహెచ్ఓ గుర్తింపు లేదు, విజిటర్ వీసా మీద అమెరికా ఎక్కనిచ్చేవారు కాదు, ఇక్కడేమో కోవిన్ అనే ప్రభుత్వ వ్యాక్సిన్ సైట్‌లో వేరే వ్యాక్సిన్ మళ్ళీ మొదటి నుంచి వేయించుకునే దారి లేకపోయింది. వాళ్ళు గ్రీన్ కార్డ్ ఉంటే తప్ప టికెట్ కొనకూడని పరిస్థితి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి వ్యాక్సిన్ రూల్ లేదు కాబట్టి పిల్లలకి వేసిన కార్బెవాక్స్ టీకా చెల్లుతుందా లేదా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేకపోయింది.

సర్టిఫికెట్‌లో పేరు మాత్రం ఈ రాత్రే తీసి చూడండి. మన తెలుగువాళ్ళకి ఇదొక ప్రత్యేకమైన బాధ, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, ఆడవాళ్ళకైతే ఆధార్‌లో పుట్టింటి పేరు, పాస్‌పోర్ట్‌లో అత్తింటి పేరు. వ్యాక్సిన్ రోజు ఆధార్ చూపించారు కాబట్టి సర్టిఫికెట్ ఆ పేరుతోనే వచ్చింది. కోవిన్ సైట్‌లో పేరు సరిచేసుకోవచ్చు, పాస్‌పోర్ట్ నంబర్ జత చేసుకోవచ్చు, పుట్టిన సంవత్సరం ఒక్కటే కాకుండా పూర్తి తేదీతో ఇంటర్నేషనల్ ట్రావెల్ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ప్రయాణం రోజు పొద్దున్న ఓటీపీ రాలేదని ఏడ్చేకంటే ఇప్పుడే చేసేయండి. టెస్ట్ రిపోర్ట్ కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే అచ్చంగా రావాలి.

రూట్ విషయానికొస్తే అప్పట్లో దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా మారి వెళ్ళడానికి వాళ్ళ తరఫున అదనంగా టెస్ట్ ఏమీ లేదు, అమెరికా అడిగేది ఉంటే చాలు. పేరెంట్స్‌కి నేనైతే గల్ఫ్ రూటే చెప్తా, మన భాష మాట్లాడేవాళ్ళు విమానంలోనే నలుగురు కనిపిస్తారు. అబుదాబిలో ఒక సౌకర్యం ఉంది, అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అమెరికాలో దిగాక లోకల్ ప్యాసింజర్‌లా బయటికి వచ్చేయడమే. ఇంగ్లీషు భయం ఉన్నవాళ్ళకి ఇది ప్లస్సో మైనస్సో చెప్పలేం, ఆ ప్రశ్నలు ఎక్కడైనా తప్పవు గానీ అక్కడ ఏదైనా లేటైతే కనెక్షన్ మిస్సయ్యే అవకాశం ఉంది, గ్యాప్ కనీసం నాలుగు గంటలు ఉన్నదే తీసుకోండి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే కోవిడ్ రూల్ కంటే ట్రాన్సిట్ వీసా రూల్ ముఖ్యం, పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా వ్యాలిడ్‌గా ఉంటే పేచీ లేదు, స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయి కాగితం మీద ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న హెచ్1 పిల్లలు ఇండియా రావడానికి ఆ రూట్ పట్టుకోకూడదు. 2022లో ఢిల్లీ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు కొన్ని తగ్గిపోయాయి, ఉక్రెయిన్ యుద్ధం వల్ల అమెరికా కంపెనీలు రష్యా మీదుగా ఎగరలేకపోయాయి, ఎయిర్ ఇండియాకి ఆ అడ్డు లేదు. డైరెక్ట్ దొరికి, బడ్జెట్ కుదిరితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అదే.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందంటే, వాళ్ళు సొంతంగా ఏమీ నిర్ణయించరు, టిమాటిక్ అని ఒక సిస్టమ్ ఉంటుంది, ఏ దేశం పాస్‌పోర్ట్‌కి ఎక్కడికి వెళ్ళాలంటే ఏం కావాలో అందులో చూసి చెప్తారు. రాత్రి రద్దీలో కొత్త స్టాఫ్ ఒక్కోసారి ఆర్టీపీసీఆరే కావాలి యాంటిజెన్ కుదరదు అంటారు, తగువు పెట్టుకోకుండా సూపర్‌వైజర్‌ని పిలవమని అడగండి, సీడీసీ పేజీలో యాంటిజెన్ ఓకే అని, క్యాలెండర్ రోజు అని ఉన్న భాగం ప్రింట్ తీసి పెద్దవాళ్ళ చేతిలో పెట్టండి. ఇచ్చిన వివరాలు నిజమని సంతకం పెట్టే అటెస్టేషన్ ఫారం అని ఒకటుండేది, మనిషికొకటి, ఎయిర్‌లైన్ సైట్‌లో దొరికేది, ఇంట్లోనే నింపి సంతకం పెట్టించండి. అన్నీ ఫోన్‌లోనూ ఉండాలి, కాగితం మీదా ఉండాలి, నాన్నగారి ఫోన్ ఛార్జింగ్ ఆ టైమ్‌కి ఎంత ఉంటుందో ఎవరు చెప్పగలరు.

తిరిగొచ్చేటప్పుడు లెక్క మారిపోతుంది. అప్పట్లో ఇండియాకి ఎయిర్ సువిధ పోర్టల్‌లో సెల్ఫ్ డిక్లరేషన్ నింపాల్సి వచ్చేది (2022 నవంబర్‌లో అది తీసేశారు), వ్యాక్సిన్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తే అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి టెస్ట్ అక్కర్లేదు, 2022 ఫిబ్రవరి 14 నుంచి ఇలా ఉండేది. సర్టిఫికెట్ లేనివాళ్ళకి 72 గంటల లోపు టెస్ట్ ఉండేది, ఇక్కడ యాంటిజెన్ కుదిరేది కాదు, ఆర్టీపీసీఆరే. ఇది ఎక్కువగా తగిలింది సమ్మర్ సెలవులకి వచ్చే పిల్లలకి, ఐదేళ్ళ లోపు వాళ్ళకి ఏమీ లేదు, ఐదు దాటి వ్యాక్సిన్ వేయించని పిల్లలకి పీసీఆర్ కావాల్సి వచ్చేది, అమెరికాలో ఫార్మసీల్లో అప్పట్లో ఫ్రీగా చేసేది ఒక్కోసారి రెండు మూడు రోజులకి గానీ వచ్చేది కాదు, ఎయిర్‌పోర్ట్‌లో అర్జెంటుగా అయితే వంద డాలర్ల పైనే అయ్యేది. కాబట్టి ఫ్లైట్‌కి సరిగ్గా మూడు రోజుల ముందు ఒక చోట, రెండు రోజుల ముందు ఇంకో చోట, రెండిటికీ అపాయింట్‌మెంట్ పెట్టుకోమనేవాణ్ణి. హైదరాబాద్‌లో దిగాక కొందర్ని ర్యాండమ్‌గా పక్కకి పిలిచి శాంపిల్ తీసుకునేవారు, ఇచ్చేసి ఇంటికి వచ్చేయొచ్చు, రిజల్ట్ వచ్చేదాకా ఆపేవారు కాదు.

చివరగా కెనడా వెళ్ళే స్టూడెంట్స్ కోసం ఒక్క మాట, న్యూయార్క్ మీదుగానో షికాగో మీదుగానో టొరంటో టికెట్ చవకగా కనిపిస్తే ఆగండి. అమెరికాలో ఇమిగ్రేషన్ దాటకుండా ఫ్లైట్ మారడం కుదరదు, అంటే అమెరికా వీసా కావాలి, అప్పట్లో ఈ ఒక్క రోజు టెస్టూ కావాల్సి వచ్చేది, రెండు డోసులు అయినవాళ్ళని కెనడా అసలు టెస్టే అడగనప్పుడు అది కొని తెచ్చుకున్న తలనొప్పి. ఢిల్లీ నుంచి డైరెక్టో, యూరప్ మీదుగానో చూసుకోండి, యూరప్ అయితే ట్రాన్సిట్ వీసా సంగతి టికెట్ కొనకముందే అడిగి తెలుసుకోండి.